ద్రావణీయతను సరిగ్గా కొలవడం ఎలా: ఉప్పుతో మొదలుపెట్టి సూరేకారం గ్రాఫు దాకా

“పుస్తకంలో ఉప్పు ద్రావణీయత 36 అని ఉంది. మేం చేస్తే 26 వచ్చింది. ఎక్కడ తప్పు జరిగింది?” హైస్కూలు విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు వాళ్ల ప్రయోగంలో లోపమేమీ ఉండదు. తూకాలన్నీ బాగానే ఉంటాయి. చివర్లో భాగహారం దగ్గర నీటి బరువు వేయాల్సిన చోట ద్రావణం బరువు వేస్తారు. అంతటితో 36 కాస్తా 26 అయిపోతుంది.

ఇక్కడ రెండు ప్రయోగాలు ఉన్నాయి. మొదటిది ఉప్పుతో, ఇంట్లో పెద్దల పర్యవేక్షణలో చేసుకోవచ్చు. రెండోది పొటాషియం నైట్రేట్‌తో, అంటే సూరేకారంతో. అది బడి ప్రయోగశాలలో, టీచర్ పక్కన ఉన్నప్పుడే చేయాలి. ఆ తర్వాత గ్రాఫు, పరీక్షల్లో వచ్చే లెక్కలు.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ కలిస్తే ద్రావణం. ఒక ఉష్ణోగ్రత వద్ద ఇక ఏమాత్రం కరిగించుకోలేని స్థితికి చేరిన ద్రావణం సంతృప్త ద్రావణం. ఆ స్థితిలో 100 గ్రాముల ద్రావణిలో ఎన్ని గ్రాముల ద్రావితం ఉందో చెప్పేదే ద్రావణీయత.

కాబట్టి “ఉప్పు ద్రావణీయత 36” అని రాస్తే జవాబు సగమే రాసినట్టు. “20 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీటికి 36 గ్రాములు” అని రాయాలి. ఉష్ణోగ్రత, నీటి బరువు, ద్రావితం బరువు, ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ అంకెతో ఏ లెక్కా చేయలేం.

ఇంకో పొరపాటు కూడా తరచుగా కనిపిస్తుంది. ఉప్పును మెత్తగా నూరితే, బాగా కలిపితే ఎక్కువ కరుగుతుందని చాలామంది రాస్తారు. త్వరగా కరుగుతుంది, అంతే. ఎంత కరగాలో అంతే కరుగుతుంది. ఒక ఘనపదార్థానికి, ఒక ద్రావణికి ఆ గరిష్ఠ పరిమితిని మార్చేది ఉష్ణోగ్రత.

నీటిలో ఉప్పు ఎందుకు కరుగుతుందన్నది క్లుప్తంగా చూద్దాం. నీటి అణువులో రెండు హైడ్రోజన్లు ఆక్సిజన్‌కు దాదాపు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. అందువల్ల ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. ఉప్పులోని సోడియం అయాన్ (ధనావేశమున్న కణం) చుట్టూ ఆక్సిజన్ వైపు తిప్పుకొని, క్లోరైడ్ అయాన్ (రుణావేశమున్న కణం) చుట్టూ హైడ్రోజన్ వైపు తిప్పుకొని నీటి అణువులు చేరతాయి. స్ఫటికం నుంచి అయాన్లను విడదీస్తాయి. నూనె అణువుల్లో ఇలా పట్టుకోవడానికి ఆవేశాల తేడా దాదాపు లేదు కనుక అది నీటిలో కరగదు.

2. ఉప్పు ప్రయోగానికి సామగ్రి

☐ 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా
☐ కల్లుప్పు, 50 గ్రాములు
☐ ఆర్‌ఓ నీళ్లు లేదా డిస్టిల్డ్ వాటర్, 100 మి.లీ.
☐ గాజు గ్లాసు లేదా బీకరు, మూత
☐ పొడి చెంచా లేదా గాజుకడ్డీ
☐ వెడల్పు మూతి ఉన్న చిన్న స్టీలు గిన్నె
☐ ఆ గిన్నె పైన కూర్చునేంత మూతి ఉన్న నీళ్ల గిన్నె
☐ వడపోత కాగితం, గరాటు
☐ థర్మామీటరు (జ్వరం చూసేది పనికిరాదు)
☐ పొడి గుడ్డ, నోటు పుస్తకం

కాటా గురించి ఒక మాట. ఒక్కొక్క గ్రాము మాత్రమే చూపే వంటింటి కాటాతో ఈ ప్రయోగం చేస్తే ఉప్పు బరువు దగ్గర ఒక గ్రాము అటూ ఇటూ అయి, జవాబు 36 బదులు 44 దాకా పోవచ్చు. అది తప్ప మరోటి లేకపోతే నీళ్లు, ఉప్పు రెట్టింపు చేసి, ఇగర్చడానికి తీసుకునే ద్రావణాన్ని (కింది ఉదాహరణలో 24 గ్రాములు) 200 గ్రాముల వరకు తీసుకోండి. ఇగరడానికి చాలాసేపు పడుతుంది, కానీ అంకె నమ్మదగ్గదిగా ఉంటుంది.

అల్యూమినియం గిన్నె వద్దు. వేడి ఉప్పునీరు దాన్ని తినేస్తుంది.

పొడి ఉప్పులో ఉండలు కట్టకుండా కలిపే పదార్థం ఉంటుంది, దానివల్ల నీరు కాస్త తెల్లగా మసకబారుతుంది. కల్లుప్పులో మట్టి ఉంటుంది గానీ వడపోస్తే పోతుంది. అందుకే కల్లుప్పునే తీసుకోమంటాను. పంచదారతో మొదలుపెట్టమని మాత్రం చెప్పను. 20 డిగ్రీల వద్దే 100 గ్రాముల నీటిలో 200 గ్రాములకు పైగా కరుగుతుంది, ఇగరబెడితే స్ఫటికాలకు బదులు పాకం మిగులుతుంది.

3. నీళ్లను పరీక్షించండి

ఒక గాజు పలకపై మీ బోరు నీళ్లు రెండు చుక్కలు, పక్కనే డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి ఎండలో పెట్టండి. ఆరాక బోరు నీటి చోట తెల్లటి మచ్చ మిగిలితే, ఆ నీటిలో ముందే లవణాలు కరిగి ఉన్నట్టు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లయితే 100 మి.లీ. ఇగిరితే 0.1 గ్రాము మిగులుతుంది. ఉప్పు ప్రయోగంలో దీనివల్ల పెద్ద తేడా రాదు. సున్నం లాంటి తక్కువగా కరిగే పదార్థాలను కొలిచేటప్పుడు మాత్రం ఇదే లెక్కంతా తారుమారు చేస్తుంది.

బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ప్రయోగానికి సరిపోతుంది. తాగడానికి కాదు.

4. సంతృప్త ద్రావణం తయారు చేయడం

ముందుగా 100 మి.లీ. నీళ్లు గ్లాసులో పోయండి. మామూలు గది ఉష్ణోగ్రతలో 1 మి.లీ. నీటి బరువు ఇంచుమించు 1 గ్రామే.

తర్వాత 30 గ్రాముల ఉప్పు వేసి పూర్తిగా కరిగే దాకా కలపండి. ఆపై 5 గ్రాముల చొప్పున మూడుసార్లు వేయండి. రెండో, మూడో విడత ఉప్పు అడుగున నిలిచిపోవాలి. నిలవకపోతే ఇంకా వేయండి. అడుగున కరగని ఉప్పు కనిపించకుండా “సంతృప్తమైంది” అని తీర్మానించకండి, ఇక్కడ సాక్ష్యం ఆ మిగులే.

మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. మధ్యలో రెండు మూడుసార్లు కలపండి. పది నిమిషాలు కలిపి వెంటనే తూచేవాళ్లకు జవాబు తక్కువగా వస్తుంది, ఎందుకంటే సంతృప్తానికి దగ్గరయ్యే కొద్దీ కరిగే వేగం బాగా మందగిస్తుంది.

తెల్లారాక థర్మామీటరు ముంచి ఉష్ణోగ్రత రాసుకోండి. నీళ్లు పోసినప్పటి ఉష్ణోగ్రత కాదు, ద్రావణాన్ని తీసేటప్పటిది కావాలి.

5. వడపోత, తూకం, ఇగర్చడం

ఈ భాగంలో వరస ముఖ్యం. ఏ అడుగు దాటేసినా తిరిగి మొదటి నుంచి రావాలి.

మొదటి అడుగు: ఖాళీ స్టీలు గిన్నెను కడిగి, పూర్తిగా ఆరబెట్టి తూచండి. ఇది మొదటి తూకం.

రెండో అడుగు: గరాటులో వడపోత కాగితం మడిచి పెట్టండి. మామూలుగా కాగితం గోడకు అంటుకోవడానికి నీటితో తడుపుతాం. ఇక్కడ తడపకూడదు, ఆ నీరు మీ ద్రావణాన్ని పలుచన చేస్తుంది. ద్రావణంతోనే తడిపి, మొదట దిగిన కొద్ది చుక్కలను పారబోయండి.

మూడో అడుగు: సుమారు 20 మి.లీ. తేట ద్రావణాన్ని గిన్నెలోకి దించి వెంటనే తూచండి. ఇది రెండో తూకం.

నాలుగో అడుగు: నీళ్ల గిన్నెలో నీటిని సన్నగా మరిగించి, ఆవిరి మీద స్టీలు గిన్నెను పెట్టండి. నేరుగా మంట మీద పెడితే చివర్లో ఉప్పు చిటపటలాడి బయటకు ఎగురుతుంది. ఎగిరిన ప్రతి గింజా మీ జవాబులో కోతే.

ఐదో అడుగు: పైకి పొడిగా కనిపించాక, గిన్నెను దోసె పెనం మీద సన్నటి మంటపై పది నిమిషాలు ఉంచండి. పైన కొద్దిగా సందు వదిలి మూత పెట్టండి.

ఆరో అడుగు: చల్లారనివ్వండి. ఆవిరి మీద కూర్చున్న గిన్నె అడుగున నీటి చెమ్మ ఉంటుంది, పొడిగుడ్డతో తుడవండి. మూతకు అంటుకున్న గింజలను గిన్నెలోకి రాల్చి తూచండి.

ఏడో అడుగు: మళ్లీ ఐదు నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, తూచండి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే అదే మూడో తూకం. తగ్గితే లోపల ఇంకా తేమ ఉన్నట్టు, ఇంకోసారి వేడిచేయాలి.

వేడి గిన్నెను కాటా మీద పెట్టకండి. చుట్టూ గాలి పైకి లేస్తుంది కాబట్టి బరువు తక్కువగా చూపుతుంది, కాటా కూడా పాడవుతుంది.

6. లెక్క

ఉదాహరణకు తూకాలు ఇలా ఉన్నాయనుకుందాం.

ఖాళీ గిన్నె: 48.2 గ్రాములు
గిన్నె, ద్రావణం కలిపి: 72.2 గ్రాములు
గిన్నె, ఎండిన ఉప్పు కలిపి: 54.5 గ్రాములు

ద్రావణం = 72.2 − 48.2 = 24.0 గ్రాములు
ఉప్పు = 54.5 − 48.2 = 6.3 గ్రాములు
నీరు = 24.0 − 6.3 = 17.7 గ్రాములు
ద్రావణీయత = (6.3 ÷ 17.7) × 100 = 35.6

ఇప్పుడు 6.3ను 24.0తో భాగించి చూడండి. 26.25 వస్తుంది. ఇది తప్పు అంకె కాదు, వేరే ప్రశ్నకు జవాబు. దీన్ని ద్రవ్యరాశి శాతం అంటారు, 100 గ్రాముల ద్రావణంలో ఎంత ఉప్పుందో చెబుతుంది. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లడానికి దారి ఉంది: శాతాన్ని (100 − శాతం)తో భాగించి, 100తో గుణించండి. 26.25 ÷ 73.75 × 100 = 35.6.

ఘనపరిమాణంతో లెక్క చేయడం ఇంకో బోల్తా. 100 మి.లీ. నీటిలో 36 గ్రాముల ఉప్పు కరిగితే బరువు కచ్చితంగా 136 గ్రాములే. ఘనపరిమాణం మాత్రం సుమారు 113 మి.లీ. దగ్గర ఆగుతుంది. సంతృప్త ఉప్పునీటి సాంద్రత మి.లీ.కు దాదాపు 1.2 గ్రాములు. అందుకే 20 మి.లీ. ద్రావణం 20 గ్రాములుండదు, 24 దాకా ఉంటుంది.

7. జవాబు తేడాగా వస్తే

26 దగ్గర వచ్చింది: ద్రావణం బరువుతో భాగించారు. ప్రయోగం మళ్లీ చేయక్కర్లేదు, లెక్క సరిచేయండి.

40 దాటింది: ఉప్పు పూర్తిగా ఆరలేదు, లేదా వడపోతలో కరగని గింజలు దిగాయి. ఇంకోసారి వేడిచేసి తూచండి. బరువు తగ్గకపోతే రెండోదే కారణం.

30కి, 34కి మధ్య వచ్చింది: ఉప్పు ఎగిరిపోయింది, లేదా ద్రావణం సంతృప్తం కాలేదు, లేదా తడి గిన్నె, తడి కాగితం వాడారు. పొయ్యి చుట్టూ తెల్లటి గింజలుంటే మొదటి కారణం ఖాయం.

35కి, 37కి మధ్య వచ్చింది: ఈ కాటాతో ఇంతకంటే దగ్గరగా ఆశించలేం. పై ఉదాహరణలో ఉప్పు బరువు 0.1 గ్రాము మారితే జవాబు సుమారు 0.8 మారుతుంది. పుస్తకంలోని అంకెతో సరిపెట్టడానికి తూకం దిద్దకండి.

8. సూరేకారం: ఉష్ణోగ్రతతో పాటు మారే ద్రావణీయత

ఉప్పు ఈ విషయంలో పెద్దగా కదలదు. 20 డిగ్రీల దగ్గర 36, 60 డిగ్రీల దగ్గర 37. ఉష్ణోగ్రత ప్రభావం కళ్లకు కట్టాలంటే పొటాషియం నైట్రేట్ కావాలి. దీనికి ఇగర్చే పద్ధతి అవసరం లేదు. బరువు, నీరు ముందే తెలుసు కాబట్టి స్ఫటికాలు ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతాయో చూస్తే చాలు.

జాగ్రత్తలు ముందు: కళ్లద్దాలు పెట్టుకోండి. పొడి సూరేకారాన్ని నేరుగా వేడిచేయకండి. ఇది ఇతర పదార్థాలు మండటానికి తోడ్పడుతుంది కాబట్టి బొగ్గు, గంధకం, కాగితం ముక్కల దగ్గరకు రానివ్వకండి.

సామగ్రి
☐ పొటాషియం నైట్రేట్, 10 గ్రాములు
☐ కనీసం 40 మి.లీ. పట్టే పెద్ద పరీక్షనాళిక
☐ సూది లేని 5 మి.లీ. సిరంజి
☐ 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు
☐ కలపడానికి చివర వంచిన గాజుకడ్డీ
☐ వేడినీళ్ల బీకరు, చల్లనీళ్ల బీకరు, స్టాండు

మొదటి అడుగు: నాళికలో 10 గ్రాముల సూరేకారం వేసి, సిరంజితో 10 మి.లీ. నీళ్లు పోయండి. కలుపుతూ నాళికను పట్టుకుంటే బయట చేతికి చల్లగా తగులుతుంది. ఇది కరిగేటప్పుడు వేడిని తీసుకుంటుంది, వేడిచేస్తే ద్రావణీయత ఇంతగా పెరగడానికి మూలం అక్కడే ఉంది.

రెండో అడుగు: నాళికను 70 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి, అంతా కరిగే దాకా కలపండి. మరిగించకండి. నీరు ఆవిరైతే “10 మి.లీ.” అన్న మీ అంకె అబద్ధమవుతుంది.

మూడో అడుగు: బయటకు తీసి, థర్మామీటరు లోపలే ఉంచి, కడ్డీతో నెమ్మదిగా కలుపుతూ చల్లారనివ్వండి. థర్మామీటరుతో కలపకండి, దాని బల్బు గాజు చాలా పలుచన. నాళిక వెనక నల్ల కాగితం పెడితే, మొదటి స్ఫటికాలు సన్నటి మెరుపులా తళుక్కుమనడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ క్షణాన ఉష్ణోగ్రత రాసుకోండి.

నాలుగో అడుగు: మళ్లీ వేడినీళ్లలో పెట్టి, చివరి స్ఫటికం మాయమైన ఉష్ణోగ్రత రాసుకోండి. రెండింటి సగటు తీసుకోండి. ఒక్కోసారి ద్రావణం అతిసంతృప్తమై, స్ఫటికాలు రావాల్సిన ఉష్ణోగ్రత దాటిపోయినా రావు. సగటు తీస్తే ఆ లోపం కొంత సరిపోతుంది.

ఐదో అడుగు: 2.5 మి.లీ. నీళ్లు చేర్చి అంతా మళ్లీ చేయండి. తర్వాత ఇంకో 2.5, ఆపై 5.

మీకు రావాల్సిన విలువలు ఇంచుమించు ఇవి:

మొత్తం నీరు 10 మి.లీ.: 100 గ్రాముల నీటికి 100 గ్రాములు, సుమారు 55 నుంచి 58 డిగ్రీలు
12.5 మి.లీ.: 80, సుమారు 47 నుంచి 48 డిగ్రీలు
15 మి.లీ.: 66.7, సుమారు 41 నుంచి 42 డిగ్రీలు
20 మి.లీ.: 50, సుమారు 32 నుంచి 33 డిగ్రీలు

ఎండాకాలంలో మన ఊళ్లలో చివరి కొలత గదిలో రాదు. గదే 36 డిగ్రీలుంటే స్ఫటికాలు ఎక్కడి నుంచి వస్తాయి? చల్లనీళ్ల బీకరు అందుకే. నాళికను అందులో ముంచి, తీసి, కలిపి, మళ్లీ ముంచండి. ఒకేసారి ముంచి వదిలేస్తే గోడల దగ్గర ముందే స్ఫటికాలు కట్టి, మధ్యలో ఉన్న థర్మామీటరు ఇంకా ఎక్కువే చూపుతుంది.

చల్లబడినా స్ఫటికాలు రాకపోతే నాళిక లోపలి గోడను కడ్డీతో మెల్లగా గీయండి, లేదా ఒక చిన్న సూరేకారం రవ్వ వేయండి. వెంటనే మొదలవుతాయి. ఆ రీడింగును లెక్కలోకి తీసుకోకుండా కొలతను తిరిగి చేయండి.

9. గ్రాఫు గీయడం

అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ద్రావణీయత. అక్షాల మీద ప్రమాణాలు రాయండి, ఇవి లేక పోయే మార్కులే ఎక్కువ. బిందువులను స్కేలుతో ఒకదానికొకటి కలపకండి, వాటి మధ్యగా నున్నటి వక్రరేఖ గీయండి. ఒక్క బిందువు మాత్రం దూరంగా పడితే రేఖను దాని కోసం వంచకండి, ఆ కొలతను మళ్లీ చేయండి.

రేఖ మీద ఉన్న బిందువు సంతృప్త ద్రావణం. కింద ఉన్నది అసంతృప్తం, ఇంకా కరుగుతుంది. పైన ఉన్నది అతిసంతృప్తం, లేదా మిగులు అడుగున ఉంది.

వేడిచేస్తే అన్నీ ఎక్కువ కరుగుతాయని రాయకండి. సున్నపు తేటను వేడిచేస్తే కొద్దిగా మసకబారుతుంది, కాల్షియం హైడ్రాక్సైడ్ వేడి నీటిలో తక్కువ కరుగుతుంది. వాయువులదీ అదే దారి: లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వద్ద 7.5 దగ్గరకు దిగుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

10. పరీక్షల్లో వచ్చే లెక్కలు

తొమ్మిదో తరగతి పుస్తకాల్లో ఉష్ణోగ్రతలు తరచుగా కెల్విన్‌లో ఉంటాయి. 273 తీసేస్తే సెల్సియస్. పొటాషియం నైట్రేట్‌కు ఇచ్చే విలువలు: 283 కెల్విన్ వద్ద 21, 293 వద్ద 32, 313 వద్ద 62, 333 వద్ద 106, 353 వద్ద 167.

తేలిక లెక్క: 313 కెల్విన్ వద్ద 50 గ్రాముల నీటిని సంతృప్తం చేయడానికి ఎంత కావాలి? 100కి 62, కనుక 50కి 31 గ్రాములు.

కొంచెం ముందుకు: 50 గ్రాముల నీటితో 333 కెల్విన్ వద్ద సంతృప్తం చేసి 293కి చల్లారిస్తే ఎన్ని గ్రాముల స్ఫటికాలు వస్తాయి? 53 − 16 = 37 గ్రాములు.

బోల్తా కొట్టించే లెక్క: “313 కెల్విన్ వద్ద 150 గ్రాముల సంతృప్త ద్రావణాన్ని 293కి చల్లార్చారు.” 150 నీరు కాదు, ద్రావణం. 100 గ్రాముల నీటికి ద్రావణం 162 గ్రాములు. చల్లారిస్తే ఆ 162 నుంచి 62 − 32 = 30 గ్రాములు బయటపడతాయి. 150 నుంచి 150 ÷ 162 × 30 = 27.8 గ్రాములు. నీరు మారదు, మారేది ద్రావితం ఒక్కటే.

లెక్క మొదలుపెట్టే ముందు చూసుకోండి:
☐ ఇచ్చిన బరువు నీటిదా, ద్రావణానిదా?
☐ ఉష్ణోగ్రత ఏ ప్రమాణంలో ఉంది?
☐ అడిగింది కరిగే మొత్తమా, బయటపడే మొత్తమా?
☐ జవాబు పక్కన ఉష్ణోగ్రత, “100 గ్రాముల నీటికి” అని రాశారా?

11. ముగించాక

ఉప్పునీటిని సింకులో పోసి నీళ్లు వదలండి, స్టీలు గిన్నెను అదే పూట కడగండి. సూరేకారం ద్రావణాన్ని మాత్రం పారబోయకండి. నైట్రేట్లు చెరువుల్లోకి చేరితే నాచు పెరుగుతుంది, పైగా పదార్థం వృథా. వెడల్పు గాజు పాత్రలో పోసి, పైన పలుచటి గుడ్డ కప్పి వారం పాటు కదపకుండా ఉంచితే పొడవాటి సూదుల్లాంటి స్ఫటికాలు వస్తాయి. ఆరాక గాజు సీసాలో వేసి, పేరు, తేదీ రాసిన చీటీ అంటించి టీచర్‌కు అప్పగించండి. తర్వాతి బ్యాచ్‌కు అవే పనికొస్తాయి.